వేసవి ట్రిప్‌కి తేదీలు మార్చలేం, వాతావరణం చూస్తే రోజుకో రకంగా ఉంది. ప్లాన్ ఎలా వేసుకోవాలి?

చినుకుదారి:
అందరికీ నమస్తే. వేసవి సెలవులకి ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నాం, అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలు. పిల్లల సెలవులూ మా లీవులూ కలిసేది ఆ ఒక్క వారమే కాబట్టి తేదీలు జరిపే వీల్లేదు, ఇంకా రెండు నెలల టైముంది. సగం రోజులు సముద్రం దగ్గర, సగం రోజులు కొండల్లో అనుకుంటున్నాం. నా టెన్షన్ ఏంటంటే, ఫోన్‌లో ఉన్న యాప్ నిన్న ఆ వారమంతా ఎండ అని చూపించింది, ఇవాళ చూస్తే అన్ని రోజులకీ వాన గుర్తే. నాన్నకి ఎండ అస్సలు పడదు, పిల్లలేమో వానొచ్చి గదిలో కూర్చోబెడితే ఊరుకోరు. బుకింగ్‌లు ఇప్పుడే చేసేయాలా, ఇంకొన్నాళ్ళు ఆగి చూడాలా? అసలు ఏ సంగతి ఎప్పుడు తేల్చుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

మబ్బులలెక్క:
ముందు ఆ యాప్ చూడటం మానేయండి, మనశ్శాంతి దక్కుతుంది. రెండు నెలల తర్వాత ఫలానా మంగళవారం వాన పడుతుందో లేదో చెప్పగలిగే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1963లో చూపించింది ఇదే, మొదట కొలిచినప్పుడు ఉన్న అతి చిన్న తేడా కూడా రోజులు గడిచేకొద్దీ పెరిగి పెరిగి చివరికి మొత్తం ఫలితాన్నే మార్చేస్తుంది. అందుకే రోజువారీ సూచనలకి రెండు వారాలు హద్దు అంటారు, మన అవసరానికైతే వారం పది రోజులు దాటాక వాటిని నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఇప్పుడు మీరు చూడాల్సింది ఆ ప్రాంతంలో ఆ నెలలో మామూలుగా ఎలా ఉంటుందన్నది. వాతావరణ సంస్థలు 30 ఏళ్ళ సగటులు ఇస్తాయి, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1991–2020 మధ్యవి. అందులో సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వదిలేయకండి, నెలలో ఎన్ని రోజులు వాన పడుతుందో చూడండి. నెల మొత్తానికి 100 మిల్లీమీటర్లు అంటే రెండు మూడు రోజుల్లో కుండపోతగా పడి మిగతా రోజులు పొడిగా ఉండొచ్చు, లేదా ఇరవై రోజులు జల్లులు పడుతూనే ఉండొచ్చు, ఈ రెండూ ఒకటి కాదు కదా. నాన్నగారి కోసం రాత్రి ఉష్ణోగ్రతలు కూడా చూడండి. పగలు ఎంత వేడిగా ఉన్నా రాత్రి చల్లబడితే ఒళ్ళు తేరుకుంటుంది, రాత్రి కూడా ఉక్కపోస్తే పెద్దవాళ్ళకి చాలా కష్టం.

వెళ్ళడానికి పది రోజుల ముందు నుంచి చూడండి, అది కూడా వేడి పెరుగుతోందా, వానల వైపు తిరుగుతోందా అన్నంత వరకే. ఐదు రోజుల్లోకి వచ్చాక సూచనలు బాగానే నమ్మొచ్చు. ఇంకో సంగతి, పెద్ద వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కని కొద్దికొద్ది తేడాలతో చాలాసార్లు, కొన్నిచోట్ల 50 సార్ల దాకా నడిపిస్తాయి. ఆ ఫలితాలన్నీ దగ్గర దగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ, చెల్లాచెదురుగా ఉంటే ఆ రోజు సంగతి ఇంకా తేలలేదని అర్థం. వాన అవకాశం ఎంత శాతం అని ఇచ్చేది ఇలాంటి లెక్కల నుంచే. 40 శాతం అంటే రోజులో 40 శాతం సేపు తడుస్తామని కాదు, ఆ చోట ఆ సమయంలో కొలవదగ్గ వాన పడే అవకాశం అంత అని. పది నిమిషాలు పడి ఆగిపోయినా అది వాన కిందే లెక్క, అందుకని గుర్తు చూసి బెంగపడకుండా గంటగంటకీ ఇచ్చే సూచన తెరిచి ఏ పూట పడుతుందో చూసుకోండి.

సంచీసర్దు:
పైన చెప్పినదంతా నిజమే. నేనైతే ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఐదు రోజుల ముందు వరకు ఏమీ బుక్ చేయొద్దంటాను. అప్పటికి సూచన తేలుతుంది, ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్ళిపోవడమే.

దారిపొడవునా:
ఇద్దరే వెళ్ళేటప్పుడు అది బాగుంటుందండీ, పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నప్పుడు అలా వద్దు. సెలవుల వారంలో అందరూ ఒకేసారి బయల్దేరతారు, ఆఖరి నిమిషంలో ఒకే అంతస్తులో రెండు గదులు, కింది బెర్తులు ఎక్కడ దొరుకుతాయి? చినుకుదారి గారూ, మీరు ప్రయాణం టికెట్లు, బస ఇప్పుడే తీసుకోండి, కాకపోతే బస మాత్రం డబ్బు వెనక్కిచ్చే రకమే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. ఏ తేదీ దాకా క్యాన్సిల్ చేసుకోవచ్చో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ గడువు మీ ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు దాకా ఉండేలా వెతకండి, అప్పటికి నమ్మదగ్గ సూచన చేతిలో ఉంటుంది. గడువు నెల ముందే ముగిసిపోయేదైతే వాతావరణం విషయంలో అది మీకు ఏ రకంగానూ పనికిరాదు.

ఇక అక్కడికి వెళ్ళాక ఏ రోజు ఏం చేయాలన్నది మాత్రం ఇప్పుడే కట్టేసుకోవద్దు, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. చాలామంది సోమవారం పడవ, మంగళవారం జలపాతం అని రాసేసుకుని, సోమవారం వానొస్తే ట్రిప్ అంతా పోయిందని బాధపడతారు. మీరు మాత్రం చేయాలనుకున్నవన్నీ ఒకచోట రాసుకుని, వాటిలో ఏది ఎండ లేకపోతే కుదరదు, ఏది మబ్బు పట్టినా బాగుంటుంది, ఏది వానలోనూ చేయొచ్చు అని పక్కనే గుర్తు పెట్టుకోండి. రోజూ రాత్రి సూచన చూసి రేపటికి ఒకటి ఎంచుకుంటే చాలు. వాన రోజుకి పెట్టుకునేది కూడా పిల్లలు ఎదురుచూసేదై ఉండాలి, మ్యూజియం కానీ, అక్వేరియం కానీ, ఏదీ లేకపోతే అందరూ కలిసి ఆడే ఆటలు. వేరే గతి లేక చేస్తున్నాం అన్నట్టు ఉంటే పిల్లలు ఇట్టే పసిగడతారు.

వీలైతే రోజూ బస మార్చకుండా ఒకటి రెండు చోట్లే ఉండండి. తడి బట్టలతో లగేజీ సర్దుకుని మళ్ళీ రోడ్డెక్కడం కన్నా అలసట ఇంకోటి లేదు. తిరుగు ప్రయాణానికీ, లీవు అయిపోవడానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే దారి మూసినా, బండి లేటైనా గాభరా ఉండదు.

చినుకుదారి:
చాలా థాంక్సండీ. ఇలా విడదీసి చెప్పాక సగం బరువు దిగింది. ఇంకో రెండు అడుగుతాను, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే వాన వల్ల పోయిన డబ్బు వస్తుందా? సముద్రం, కొండలు, ఈ రెండిట్లో ఏది ముందు పెట్టుకోవాలి?

సంచీసర్దు:
మామూలు వాన పడి సరదా పోయిందంటే మామూలు పాలసీలు డబ్బివ్వవు. తుఫాను వల్ల విమానమో రైలో రద్దయితే, ఊరు ఖాళీ చేయమంటే, అలాంటివాటికి ఇచ్చేవి ఉన్నాయి, షరతులు చదువుకోవాలి. తుఫాను వస్తోందని అందరికీ తెలిశాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుఫానుకి వర్తించదు, కాబట్టి తీసుకునేదేదో బుకింగ్‌తో పాటే తీసుకోండి. పెద్దవాళ్ళున్నారు కాబట్టి వైద్యం ఖర్చు ఎంతవరకు ఇస్తారో ముందు చూడండి, నాకు వాన కన్నా అదే ముఖ్యం అనిపిస్తుంది. మీరు తేదీలు మార్చలేరు కాబట్టి ఐదు రోజుల ముందు బుకింగ్ అన్న నా మాట మీకు కుదరదు, దారిపొడవునా గారు చెప్పినట్టే చేయండి.

కొండగాలి:
కొండల సంగతి నేను చెప్తాను, ఇక్కడ భద్రత ముఖ్యం. వేసవిలో పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటుంది, ఎండకి నేల వేడెక్కి, తేమ ఉన్న గాలి వాలుల మీదుగా పైకి లేచి చల్లబడి మబ్బవుతుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి. అందుకని నడకలు, ఎత్తైన చోట్లు అన్నీ తెల్లవారగానే పెట్టుకుని మధ్యాహ్నానికల్లా కిందికి వచ్చేయండి. ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. చెట్టు కింద, టెంటులో నిలబడొద్దు, పక్కా భవనంలోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్ళి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి. ఎండిన వాగుల్లో పిల్లల్ని ఆడనివ్వకండి, పైన ఎక్కడో పడిన వానకి మీ దగ్గర చినుకు లేకుండానే నీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయి.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, నాన్నగారికి అది హాయిగా ఉంటుంది, కానీ తడిస్తే అదే చలి పట్టుకుంటుంది, వేసవే కదా అని స్వెట్టర్లు ఇంట్లో వదిలేయకండి. ఒకే కొండకి కూడా గాలి ఎదురొచ్చే వైపు వాన ఎక్కువ, అవతలి వైపు తక్కువ, ఇటు ముసురు పట్టిన రోజు అటు వైపు వెళ్ళి చూడండి, చాలాసార్లు పొడిగా ఉంటుంది.

సముద్రం దగ్గరైతే ఆకాశం నీలంగా ఉంది కదా అని నీళ్ళలోకి దిగొద్దు. ఎక్కడో దూరంలో ఉన్న తుఫాను పెద్ద అలల్ని ఒడ్డుకి పంపుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు కూడా అప్పుడు బలంగా ఉంటాయి. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి, జెండా ఎర్రగా ఉంటే ఆ రోజు ఇసుకలో ఆటలే.

ఏది ముందంటే, రెండు చోట్లా క్యాన్సిల్ చేసుకునే బస దొరికితే రెండు వరసల్లోనూ బుక్ చేసి పెట్టుకుని, ఐదు రోజుల ముందు ఒక వరస వదిలేయండి. దొరక్కపోతే సముద్రం ముందు పెట్టండి. వేడి మరీ ఎక్కువగా ఉంటే అక్కడ ఒక రోజు తగ్గించుకుని కొండల మీదికి ముందే వెళ్ళిపోవచ్చు, నాన్నగారికి వేడి నుంచి తప్పించుకునే చోటు ఇంకా ముందుందన్నమాట.

చినుకుదారి:
రెండు వరసల సంగతి బాగుంది, కానీ వాడని గదులు మరీ ఎక్కువ రోజులు పట్టి ఉంచితే వేరేవాళ్ళకి దొరకవు కదా, అందుకని సముద్రం ముందు పెట్టి ఒక్క వరసే చేస్తున్నాం. క్యాన్సిల్ గడువులు చూసి ఈ రాత్రికే బుక్ చేసేస్తాను. రోజుల జాబితా పిల్లల చేతే రాయిస్తాను, వాన రోజుకి ఏం కావాలో వాళ్ళే చెప్తారు.