ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్‌లో జులై క్యాంపింగ్: పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తే ఏ క్యాంప్‌గ్రౌండ్ తీసుకోవాలి?

తొలకరి:
అందరికీ నమస్కారం. జులై ఆఖరి వారంలో అమెరికాలోని ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులకు వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వస్తున్న మా అత్తయ్య, మామయ్య, మొత్తం 6 మంది. సాల్ట్ లేక్ సిటీ దాకా ఫ్లైట్, అక్కడి నుంచి అద్దె వ్యాన్. టెంట్లోనే పడుకోవాలని పిల్లలు పట్టుబట్టారు, నాకూ అదే ఇష్టం. కానీ క్యాంప్‌గ్రౌండ్ల పేర్లు చదువుతుంటే బుర్ర తిరిగిపోతోంది. కొన్ని ఒక వెబ్‌సైట్‌లో బుక్ చేయాలట, కొన్ని ఇంకో వెబ్‌సైట్‌లో, కొన్నిచోట్ల అసలు టెంట్లే వేయనివ్వరట. ఒకేచోట ఉండి అన్నీ చూసి రావచ్చా, లేక రెండ్రోజులకోసారి మారాలా? మామయ్యకు మోకాళ్ల నొప్పి, రాత్రిపూట బాత్రూమ్‌కి లేస్తారు కూడా. ఇక ఎలుగుబంట్ల సంగతి తలుచుకుంటేనే అత్తయ్యకు టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

దారిపొడవునా:
తొలకరి గారూ, ముందు మ్యాప్ తీసి ఎల్లోస్టోన్ రోడ్డు చూడండి. ఇంగ్లిష్ 8 అంకె ఆకారంలో ఉంటుంది, గ్రాండ్ లూప్ అంటారు, మొత్తం 142 మైళ్లు. అంతేనా అనిపిస్తుంది కానీ స్పీడ్ లిమిట్ ఎక్కువలో ఎక్కువ 45, మధ్యలో ఒక బైసన్ (అడవిదున్న లాంటి పెద్ద జంతువు) మంద రోడ్డెక్కిందంటే అవి కదిలేదాకా మీరూ కదలరు. అందుకే నా లెక్కలో క్యాంప్‌గ్రౌండ్‌ని అందం చూసి కాదు, రోజూ ఎంత దూరం డ్రైవ్ చేయాలో చూసి ఎంచుకోవాలి. వ్యూ ఎంత బాగున్నా చీకటి పడ్డాక అలసిపోయి చేరితే చూసేదేముంది?

రోజుకోచోట మారొద్దు. టెంట్ పీకడం, సర్దడం, మళ్లీ వేయడం, ఆరుగురి పరుపులు మడవడం, ఇందులోనే సగం రోజు పోతుంది, పెద్దవాళ్లు ఆ సేపంతా వ్యాన్‌లో కూర్చోవాల్సిందే. ఎల్లోస్టోన్‌లో ఒక చోటు, టీటన్‌లో ఒక చోటు, రెండు చాలు.

ఎల్లోస్టోన్‌లో నా ఓటు మ్యాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌కి. గిబ్బన్, ఫైర్‌హోల్ నదులు కలిసి మ్యాడిసన్ నది అయ్యేది ఆ పక్కనే, పిల్లలు సాయంత్రం ఆ గట్టున నడవొచ్చు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (వేడినీళ్లు పైకి చిమ్మే పేరున్న గీజర్) దగ్గర క్యాంప్‌గ్రౌండ్ లేదు కాబట్టి దానికి దగ్గరగా టెంట్ వేయాలంటే ఇదే, 16 మైళ్లు, గీజర్లు, రంగురంగుల వేడినీటి గుంటలు చాలావరకు ఆ దారిలోనే వస్తాయి. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు 14 మైళ్లు, సరుకులకో మందులకో వెళ్లిరావచ్చు. అన్నిటికంటే ముఖ్యం ఎత్తు. మ్యాడిసన్ 6,800 అడుగులు, ఇంకో పెద్ద క్యాంప్‌గ్రౌండ్ క్యాన్యన్ 7,900. పగలు ఈ తేడా తెలియదు, తెల్లవారుజామున మూడింటికి తెలుస్తుంది. ఆ ఎత్తులో ఏ నెలలోనైనా రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి పడొచ్చు, జులై అని చెప్పి పల్చటి స్లీపింగ్ బ్యాగులు తీసుకెళ్లకండి. పెద్దవాళ్లకు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ రేటింగ్ ఉన్నవి, కింద మందపాటి ప్యాడ్లు తీసుకోండి. చలి ఎక్కువగా నేల నుంచే ఎక్కుతుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పినా దానికి మందు కాదు.

మోడంమబ్బు:
మ్యాడిసన్ మంచిదే, కాదనను, కానీ అక్కడ షవర్లు లేవు. నాలుగు రోజులు, ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు, స్నానం లేకుండా అంటే ఇంట్లో అడిగి చూడండి ఒప్పుకుంటారేమో. క్యాన్యన్, గ్రాంట్ విలేజ్‌లలో షవర్లు, లాండ్రీ రెండూ ఉన్నాయి. నేనైతే క్యాన్యన్‌కే వెళ్తాను. 8 అంకెలో రెండు సున్నాలు కలిసే చోట తూర్పు వైపు అది, ఎటు వెళ్లాలన్నా మధ్యలో ఉంటారు. ఎల్లోస్టోన్ నది జలపాతాలు పక్కనే, హేడెన్ వ్యాలీ కాస్త దక్షిణానికి. తెల్లారకముందే లేచి డన్‌రేవన్ పాస్ దాటి లమార్ వ్యాలీ వెళ్తే తోడేళ్లు కనపడే అవకాశం ఉంది (1995లో కెనడా నుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు వాటిని చూడ్డానికే జనం టెలిస్కోపులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు). అదే మ్యాడిసన్ నుంచి లమార్ అంటే రాను పోను రోజు మొత్తం పోతుంది.

చలి గురించి దారిపొడవునా గారు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

మీ లిస్టులో ఫిషింగ్ బ్రిడ్జ్ ఉంటే కొట్టేయండి. అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు బాగా తిరిగే చోటు, గట్టి గోడలున్న ఆర్వీలు (ఇల్లులాంటి బండ్లు) తప్ప టెంట్లు, గుడ్డ గోడల ట్రైలర్లు రానివ్వరు. స్లూ క్రీక్, లూయిస్ లేక్ చిన్నవి, ప్రశాంతంగా ఉంటాయి, నాకు ప్రాణం. కానీ అక్కడ ఉండేవి గుంట మరుగుదొడ్లే, ఫ్లష్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవారికి, రాత్రిళ్లు లేచేవారికి వద్దు.

తొలకరి:
ఇద్దరికీ చాలా థాంక్స్. షవర్ల సంగతి చదివి మావారు వెంటనే క్యాన్యన్ అన్నారు, చలి సంగతి చదివి అత్తయ్య మ్యాడిసన్ అన్నారు. ఇంకో అనుమానం, ఒక క్యాంప్‌సైట్‌లో (టెంట్ వేసుకునే జాగాలో) ఆరుగురం పడతామా? ఎలుగుబంట్ల జాగ్రత్తలు కూడా ఎవరైనా చెప్పండి, అత్తయ్యకు చదివి వినిపించాలి.

పైన్‌చెట్టు:
ఆరుగురు అంటే సరిగ్గా పరిమితి దగ్గర ఉన్నారు, రెండు పార్కుల్లోనూ సైట్‌కి 6 మందే. ఏడో మనిషి కలిస్తే రెండో సైట్ తీసుకోవాలి.

ఎలుగుబంట్ల గురించి భయం కన్నా క్రమశిక్షణ ముఖ్యమని అత్తయ్యగారికి చెప్పండి. ఎలుగు వచ్చేది మనుషుల కోసం కాదు, వాసన కోసం. వాసన అంటే తిండి ఒక్కటే అనుకోకండి. కూలర్, స్టవ్, కడగని గిన్నె, టూత్‌పేస్ట్, సబ్బు, లిప్‌బామ్, పిల్లల జేబులో మర్చిపోయిన చాక్లెట్ కాగితం, అన్నీ అదే లెక్క. వాడుతున్నప్పుడు తప్ప ఇవేవీ బయట ఉండకూడదు, టెంట్లో అయితే అసలే ఉండకూడదు. చాలా సైట్లలో ఇనుప పెట్టెలు ఉంటాయి, లేకపోతే అద్దాలన్నీ మూసి తాళం వేసిన కారులో పెట్టాలి. ఆ పెట్టె గొళ్లెం పైకి కనిపించదు, రేకు మడత కిందికి వేళ్లు పోనిచ్చి లోపల నొక్కితే తెరుచుకుంటుంది, ఎలుగు పంజా అందులో పట్టదు. చీకటి పడకముందే పిల్లలతో రెండుసార్లు తీయించి, వేయించండి. మూసినప్పుడు టక్ మని పడాలి, ఆ చప్పుడు రాకపోతే మూసినట్టు కాదు.

వంట వెలుగు ఉండగానే ముగించండి. గిన్నెలు కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోయొద్దు, దానికి సింకు ఉంటుంది. ఎలుగులు, తోడేళ్లకు 100 గజాలు, బైసన్, ఎల్క్ (పెద్ద జింక) లాంటి మిగతా జంతువులకు 25 గజాలు దూరం ఉండాలి, ఇది సలహా కాదు, రూలు. బైసన్ క్యాంప్‌గ్రౌండ్‌లోకి నడిచొచ్చినా అంతే, అది మేస్తున్నంత మాత్రాన సాధువని కాదు, ఫొటో కోసం పిల్లల్ని ముందు నిలబెట్టొద్దు.

ఫ్లైట్‌లో వస్తున్నారు కాబట్టి ఇంకో మాట. బేర్ స్ప్రే (ఎలుగు మీదికి వస్తే కొట్టే కారం స్ప్రే) గానీ, స్టవ్ గ్యాస్ డబ్బాలు గానీ విమానంలో ఎక్కనివ్వరు, చెక్‌ఇన్ బ్యాగులో కూడా కుదరదు. దిగాక కొనుక్కోండి. స్ప్రే బ్యాగు అడుగున కాదు, నడుముకి ఉండాలి.

దారిపొడవునా:
మామయ్యగారి సంగతి ఆలోచిస్తుంటే ఇంకొకటి తట్టింది. టీటన్‌లో కోల్టర్ బే తీసుకోండి. జాక్సన్ సరస్సు ఒడ్డు, షవర్లు, లాండ్రీ, కిరాణా అన్నీ నడిచే దూరంలో. ముఖ్యంగా అక్కడ మామూలు క్యాబిన్లు ఉన్నాయి, టెంట్ క్యాబిన్లు అని వేరే ఉన్నాయి, వాటికి కొంత దుంగల గోడ, కొంత కాన్వాసు, లోపల బంక్ మంచాలు, కట్టెల పొయ్యి. పెద్దవాళ్లకు బాత్రూమ్ ఉన్న మామూలు క్యాబిన్ తీసుకుని మీరు నలుగురూ టెంట్ వేసుకుంటే ఇద్దరి కోరికా తీరుతుంది. టెంట్ క్యాబిన్‌కి బాత్రూమ్ బయటే, అది చూసుకోండి. జెన్నీ లేక్ క్యాంప్‌గ్రౌండ్ టెంట్లకు మాత్రమే, కొండలు నెత్తిమీదే ఉన్నట్టుంటాయి, చాలా అందమైన చోటు, కానీ చిన్నది, దొరకడం కష్టం, షవర్లు లేవు.

క్యాన్యనా మ్యాడిసనా అంటే, షవర్ల మాటలో మోడంమబ్బు గారిదే పైచేయి, మీ కుటుంబానికి అది పెద్ద విషయమే. క్యాన్యన్ తీసుకుంటే స్లీపింగ్ బ్యాగుల దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

మోడంమబ్బు:
బుకింగ్ కూడా చెప్పేస్తా. ఎల్లోస్టోన్‌లో క్యాన్యన్, మ్యాడిసన్, గ్రాంట్, బ్రిడ్జ్ బే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఐదూ జాంటెరా అనే కంపెనీ చూస్తుంది, వాళ్ల వెబ్‌సైట్‌లోనే బుక్ చేయాలి, చాలా ముందుగా నిండిపోతాయి. నిండిపోయాయని కనిపించినా వదిలేయొద్దు, క్యాన్సిల్ అయినవి మళ్లీ వస్తుంటాయి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తూ ఉండండి. అక్కడ మీరు ఫలానా నంబరు సైట్ అని ఎంచుకోలేరు, టెంట్ కొలతలు ఇస్తే వాళ్లే కేటాయిస్తారు. కాబట్టి టెంట్ కొన్నాకే, లేదా కనీసం ఏది కొంటారో తేల్చుకున్నాకే బుక్ చేయండి. పెద్దవాళ్లున్నారు, బాత్రూమ్‌కి దగ్గర్లో ఇవ్వమని ఫోన్ చేసి అడగండి, చేరిన రోజు కౌంటర్లో మళ్లీ అడగండి.

గ్రాండ్ టీటన్ క్యాంప్‌గ్రౌండ్లన్నీ రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో, సరిగ్గా 6 నెలల ముందు తెరుచుకుంటాయి, అక్కడికి వెళ్లి చూసుకుందాంలే అంటే కుదరదు. ఇక్కడ మ్యాప్‌లో సైట్ మీరే ఎంచుకోవచ్చు, బాత్రూమ్‌కి మరీ ఆనుకుని ఉన్నది కాకుండా రెండు మూడు సైట్లు అవతలిది చూడండి, లేకపోతే రాత్రంతా తలుపు చప్పుడు, లైటు వెలుగు.

తొలకరి:
క్యాన్యన్‌లో నాలుగు రాత్రులు, కోల్టర్ బేలో మూడు అనుకున్నాం, క్యాబిన్ మాట వినగానే మామయ్య చాలా సంతోషించారు. క్యాన్యన్‌లో మా వారానికి రెండు రాత్రులే చూపిస్తోంది, ఒక రోజు అటూ ఇటూ జరిపి చూస్తాను, మిగతా రెండూ దొరక్కపోతే గ్రాంట్ విలేజ్ సరిపోతుందా?

మోడంమబ్బు:
సరిపోతుంది. ఎత్తు దాదాపు అంతే, షవర్లున్నాయి, టీటన్ వైపు వెళ్లే దారిలోనే ఉంది కాబట్టి మొదటి రెండు రాత్రులు క్యాన్యన్, తర్వాతి రెండు గ్రాంట్‌లో పెట్టుకోండి. లమార్, జలపాతాలు ముందు చూసేసి, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గ్రాంట్ నుంచి వెళ్లిరండి.