డెబియన్ 12కి మారాక మెయిల్ ఆగింది: 8.8.8.8 పెట్టి వదిలేయొచ్చా?

గుంటూరు మిర్చి:
మాది యార్డు దగ్గర ఎగుమతి ఆఫీసు. శనివారం రాత్రి మెయిల్ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని డెబియన్ 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేశాం. సోమవారం పొద్దున పార్టీలకు ఒక్క మెయిలూ పోలేదు, అన్నీ క్యూలోనే. మెయిల్ నడిపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ఏ డొమైన్‌కైనా ‘హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై ఎగైన్’ అనే వస్తోంది. చూస్తే, డొమైన్ పేర్లకి ఐపీ అడ్రస్ ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడగాలో రాసుండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు ఒక లింకు, అది చూపించే ఫైలే లేదు. లింకు తీసేసి గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్ 8.8.8.8 రాసి రీస్టార్ట్ చేస్తే కదిలాయి. ఇక ముట్టుకోవద్దని ఓనర్ గారు, మా సర్వర్‌లోనే పేర్లు వెతికిపెట్టే సొంత రిజాల్వర్ అన్‌బౌండ్ పెట్టాల్సిందేనని మా సీనియర్. మీరేమంటారు?

బెంజి సర్కిల్:
మీ సీనియర్ మాటే నాదీ. డెబియన్ 12లో పేర్లు వెతికే సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌ని విడి ప్యాకేజీ చేశారు, అప్‌గ్రేడ్‌లో అది దానంతటది రాదు. రిలీజ్ నోట్స్‌లోనే ఉంది ఈ సంగతి. లింకు మిగిలింది, పలికేవాడు పోయాడు. ‘ట్రై ఎగైన్’ అన్నాడంటే డొమైన్ లేదని కాదు, జవాబు రాలేదని. అందుకే మెయిళ్లు తిరిగి రాకుండా క్యూలో ఉన్నాయి. సెట్టింగ్ మార్చకపోతే 5 రోజులు ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం వచ్చే మెయిల్‌కి. స్పామ్ పంపే ఐపీల పేర్లుండే స్పామ్‌హాస్ లిస్టు వాడుతున్నారా? 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ నుంచి అడిగితే వాళ్లు లిస్టు చూపించరు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తారు. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ కోడ్‌లు లెక్కలోకి తీసుకోవాలో రాయకపోతే, ఏ జవాబు వచ్చినా ‘ఇతను స్పామర్’ అనుకుని మెయిల్‌ని గుమ్మంలోనే తిప్పి పంపేస్తుంది. పార్టీ పంపిన ఆర్డర్ మీదాకా రాదు, వచ్చిందని మీకు తెలియనే తెలియదు. 2.0.0.127.జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్ అని డిగ్ (డీఎన్‌ఎస్‌ని అడిగే కమాండ్) కొట్టి చూడండి. 127.0.0.2 లాంటివి రావాలి. 255లు కనిపిస్తే ఈ రోజే మార్చండి.

బ్రాడీపేట:
బెంజి సర్కిల్ గారూ, చెప్పింది నిజమే. కానీ చిన్న ఆఫీసులో ఇంకో సర్వీసు తగిలిస్తే దాన్ని చూసుకునేదెవరు? అన్‌బౌండ్, డీఎన్‌ఎస్ జవాబు అసలైనదేనని చూపే డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు సరిచూస్తుంది. కరెంటు పోయి వచ్చాక మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి పోయిందంటే సంతకాలు చెల్లవు, డీఎన్‌ఎస్ మొత్తం ఆగుతుంది. టైమ్ సరిచేసుకుందామంటే టైమ్ సర్వర్ పేరు వెతకడానికి మళ్లీ డీఎన్‌ఎస్సే కావాలి! ఆ టెన్షన్ మిర్చి గారికెందుకు? స్పామ్‌హాస్ లైను తీసేసి 8.8.8.8తో నడుపుకోమంటాను.

బెంజి సర్కిల్:
గడియారం సంగతి బాగా పట్టుకున్నారు. టైమ్ సర్వర్ ఒకదాన్ని పేరుతో కాకుండా ఐపీతో రాస్తే ఆ ముడి విడిపోతుంది. బ్యాటరీ ఎలాగూ మార్చాల్సిందే. స్పామ్ లిస్టు తీసేయడం మాత్రం ఒప్పుకోను. ఎగుమతి ఆఫీసుకి వచ్చే దొంగ ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు ఖాతా మారిందంటూ వచ్చే మెయిళ్లు మీకు తెలియనివా? ఒక్కటి నమ్మి డబ్బు వేస్తే లోడు డబ్బు పోయినట్టే.

మిర్చి గారూ, అన్‌బౌండ్ దించుకునేదాకా 8.8.8.8 ఉంచండి, తప్పులేదు. తర్వాత రిజాల్వ్.కాన్ఫ్‌లో 127.0.0.1 (అంటే ఆ సర్వరే) ఒక్కటే ఉండాలి. ‘ఎందుకైనా మంచిది’ అని రెండో లైన్‌లో 8.8.8.8 వదలొద్దు. మొదటిది ఆలస్యం చేసినప్పుడల్లా ప్రశ్న అటు పోతుంది, అప్పుడప్పుడు మాత్రమే మెయిల్ తిరస్కరిస్తుంది. అలాంటి జబ్బు పట్టుకోవడం మహా కష్టం. పోస్ట్‌ఫిక్స్ తన చ్రూట్‌లో (తాను బయటకి చూడకుండా మూసిపెట్టిన ఫోల్డర్‌లో) ఆ ఫైలుకి విడిగా కాపీ పెట్టుకుంటుంది, కాబట్టి రీస్టార్ట్ మరవొద్దు.

గుంటూరు మిర్చి:
డిగ్ కొట్టాను. 127.255.255.254 వచ్చింది. లాగ్‌లో వెతికితే పొద్దుటి నుంచి మా పాత పార్టీల మెయిళ్లు కూడా తిరస్కరించినట్టుంది. ముందు వాళ్లకి ఫోన్ చేసి మళ్లీ పంపమని చెప్పి, సాయంత్రం అన్‌బౌండ్ పెడతాం.

బ్రాడీపేట:
అలా అయితే పెట్టండి. కానీ రాత్రి అది ఆగితే ఎవరికి మెసేజ్ వెళ్లాలో కూడా ఈ రోజే తేల్చుకోండి. అది తేలేదాకా నా అభ్యంతరం అలాగే ఉంది.