అప్‌డేట్: ఎల్‌ఎల్‌బీ లేకుండా లాలో పీహెచ్‌డీ, చివరికి తేలింది ఇదీ

రాయగడ నుంచి మళ్లీ నేనే. ఎంఏ సోషియాలజీతో నేరుగా లాలో పీహెచ్‌డీ చేయొచ్చా అని మూడు నెలల కిందట అడిగాను కదా.

యూజీసీ 2022 నిబంధనల్లో 55 శాతంతో పీజీ అని చూసి ఎగిరి గంతేశాను. తీరా ఏ సబ్జెక్టు పీజీ కావాలో తేల్చేది యూనివర్సిటీయేనట. కనుక్కున్న చోటల్లా ఎల్‌ఎల్‌ఎం, అంటే లాలోనే పీజీ కావాలన్నారు. దానికి ముందు ఎల్‌ఎల్‌బీ ఉండాలి. కథ కంచికే అనుకున్నా.

అప్పుడు మీలో ఒకరు చెప్పిన మాట అక్కరకొచ్చింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో లా పీహెచ్‌డీతో పాటు ఇంటర్‌డిసిప్లినరీ పీహెచ్‌డీ కూడా ఉంది. ప్రపోజల్ దానికే రాస్తున్నా. టాపిక్ ఒడిశాలోని మా నియమగిరి కొండలు: 2006 అటవీ హక్కుల చట్టం కింద 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాలు వద్దన్న తీరు. ఆ ఊళ్లలో మాట్లాడేది కువి, నాకేమో నాలుగు ముక్కలే వచ్చు. అసలు టెన్షన్ అదే.

"డాక్టరేట్ వస్తే కోర్టులో వాదిస్తావా?" అంటాడు మావయ్య. లేదు మావయ్యా, 1961 అడ్వొకేట్స్ చట్టం ప్రకారం లాయరుగా నమోదవ్వాలంటే లా డిగ్రీ ఉండాల్సిందే. సీటు రాకపోతే బరంపురంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అప్లై చేస్తా.