బెంగాల్ పిల్లిలో అడవి రక్తం ఎంత? ఎక్కువ ఉంటేనే మంచిదా?

ప్రశ్న (కూకట్‌పల్లి వాసి):

ఇంట్లో ఒక బెంగాల్ పిల్లిని పెంచుకోవాలని కొంతకాలంగా అనుకుంటున్నాము. ఆ పిల్లి ఒంటిమీది చిరుత మచ్చలు, నడకలోని ఒడుపు మా అమ్మాయితో పాటు నన్ను కూడా కట్టిపడేశాయి. అయితే ఒక విక్రేత తన దగ్గరి కూనలు 'ఎఫ్2' అని, అంటే వాటి తాతో అమ్మమ్మో అసలైన అడవి జంతువని, అడవి రక్తం ఎంత ఎక్కువైతే పిల్లి అంత అందంగా ఉంటుందని, అందుకే ధర కూడా ఎక్కువని చెబుతున్నాడు. ఈ మాటలో నిజమెంత? మాది మూడవ అంతస్తులోని ఫ్లాట్. ఇంట్లో ఇప్పటికే ఒక నాటు పిల్లి ఉన్నది. ఈ జాతిని పెంచినవారు, దీని గురించి తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (డాలస్ తెలుగు):

నమస్కారమండీ. మేము ఇక్కడ రెండు బెంగాల్ పిల్లులను పెంచుతున్నాము. ముందుగా ఆకర్షణ సంగతే చెబుతాను, ఎందుకంటే అది ఉత్త ప్రచారం కాదు. వీటి బొచ్చు పొట్టిగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఎండ పడినప్పుడు వెంట్రుకల కొనలు బంగారు పొడి చల్లినట్లు మెరుస్తాయి. వీపు మీద ఉండేవి ఉత్త చుక్కలు కావు, చుట్టూ ముదురు అంచు, నడుమ లేత రంగు ఉన్న రోజెట్లు. మా మగపిల్లి వంటింటి సింకు పక్కన కూర్చుని కుళాయి ఎవరు తిప్పుతారా అని కాచుకుని ఉంటుంది. ధార కింద ముందరి పంజా పెట్టి, తడిసిన పంజాను నాకి, మళ్ళీ పెడుతుంది. ఎంత సేపైనా దానికి విసుగు రాదు.

ఇక మీ విక్రేత మాట. ఈ జాతి చరిత్ర తెలిస్తే ఆ మాటలోని లోపం మీకే అర్థమవుతుంది. ఆసియా చిరుతపిల్లికి (ఇది చిరుతపులి కాదు, ఇంచుమించు ఇంటి పిల్లంత ఉండే మచ్చల అడవి పిల్లి), ఇంటి పిల్లికి పుట్టిన సంకరంతో ఈ జాతి మొదలైంది. అమెరికాలో జీన్ మిల్ అనే ఆమె ఇంట్లో 1963లో అటువంటి కూన ఒకటి పుట్టింది. ఆ రోజుల్లో చర్మాల కోసం తల్లి చిరుతపిల్లులను చంపి, కూనలను పెంపుడు జంతువుల దుకాణాలకు అమ్మేవారు. మచ్చలున్న పిల్లి తమ ఒడిలో పెరిగితే మనుషులు అటువంటి చర్మపు కోటు వేసుకోవడానికి మనసొప్పరని ఆమె నమ్మకం. 1980ల ఆరంభంలో ఆమె ఈ పనిని మళ్ళీ చేపట్టినప్పుడు డాక్టర్ విల్లర్డ్ సెంటర్‌వాల్ దగ్గరి సంకర పిల్లులను తీసుకున్నారు. ఆయన వాటిని పిల్లుల ల్యుకేమియా వ్యాధిపై పరిశోధన కోసం పుట్టించారు. ఆ సంకర ఆడపిల్లులకు జత కోసం వెతుకుతూ ఆమె మన దేశానికి వచ్చి, ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో ఖడ్గమృగం ఆవరణలో తిరిగే ఒక మచ్చల వీధిపిల్లిని తీసుకువెళ్ళారు. బెంగాల్ పిల్లి ఒంటి మెరుపు ఆ ఢిల్లీ పిల్లి నుండే వచ్చిందని బ్రీడర్లు చెబుతారు. అంటే మనం అడవి లక్షణమని మురిసిపోయే ఆ మెరుపు వీధిపిల్లి ఇచ్చినది.

ఇది బ్రీడర్ల మాట మాత్రమే కాదు. బెంగాల్ పిల్లుల జన్యువులను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, నేటి బెంగాల్ పిల్లిలో చిరుతపిల్లి వాటా సగటున సుమారు 3.5 శాతమేనని తేలింది. ఆ అడవి రూపం చాలావరకు ఇంటి పిల్లుల్లో ముందునుంచీ ఉన్న జన్యు భేదాలను తరతరాలుగా ఏరి కూర్చడం వల్లనే వచ్చిందని కూడా తేలింది. కాబట్టి మీరు ఇష్టపడుతున్న ఆ అందం ఎంపికతో వచ్చిన అందం, దానికి ఎఫ్2 అవసరం లేదు. నా అభిప్రాయంలో తరం సంఖ్య చూపి ధర పెంచడం కొనుగోలుదారు కోరికను వాడుకోవడమే.

సమాధానం (పశువైద్యురాలు, విజయవాడ):

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఆరోగ్యం గురించి, పెంపకం గురించి కొన్ని మాటలు చేరుస్తాను. ఎఫ్1 అంటే తల్లిదండ్రుల్లో ఒకటి అడవి జంతువు, ఎఫ్2 అంటే తాతల తరంలో ఒకటి. మూడవ తరం వరకు మగ కూనలకు సాధారణంగా సంతాన సామర్థ్యం ఉండదు. ఇంటి పిల్లి వంశం, చిరుతపిల్లి వంశం విడిపోయి లక్షల సంవత్సరాలు గడిచాయనడానికి అదే గుర్తు. తొలి తరాల పిల్లులు కొత్తవారిని చూస్తే దాక్కోవడం, లిట్టర్ బాక్స్ వదిలేసి గోడలకు, పరుపులకు మూత్రం చిమ్మడం ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్లాట్‌లో, అందులోనూ మరొక పిల్లి ఉన్నచోట, ఇది నిత్య సమస్య అవుతుంది. పిల్లిని కొన్నాక భరించలేక వదిలించుకునే పరిస్థితి వస్తే నష్టపోయేది ఆ జంతువే.

తరం కంటే ముందు మీరు అడగవలసినవి పరీక్షల నివేదికలు. ఈ జాతిలో చూపును క్రమంగా పోగొట్టే రెటీనా వ్యాధి ఒకటి ఉన్నది. తల్లీ తండ్రీ ఇద్దరి నుండీ ఆ జన్యువు వస్తేనే కూనకు వ్యాధి వస్తుంది. దానికీ, రక్తహీనతకు దారితీసే పైరువేట్ కైనేజ్ లోపానికీ జన్యు పరీక్షలు ఉన్నాయి. గుండె కండరం మందమయ్యే వ్యాధికి మాత్రం తల్లిదండ్రులకు ఎకో పరీక్ష (గుండె స్కానింగు) చేయించి ఉండాలి. ఇక మీ బాల్కనీకి, కిటికీలకు గట్టి వల బిగించకుండా ఏ పిల్లినీ తీసుకురావద్దు.

సమాధానం (కోరింగ దారి):

నాది అడవి వైపు నుండి ఒక మనవి. చిరుతపిల్లి ఎక్కడో ఉన్న జంతువు కాదు, మన తూర్పు కనుమల్లో తిరిగేదే. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో దాని దగ్గరి బంధువైన బావురుపిల్లి ఉన్నది. ఈ రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం కూడా, ఇటీవలి నాలుగు తరాల్లో అడవి పూర్వీకం ఉన్న సంకర జంతువులను అడవి జంతువులతో సమానంగా చూస్తుంది. అందువల్ల మీ విక్రేత చెప్పేది నిజమైతే అనుమతి పత్రాలు చూపించాలి, అబద్ధమైతే మీరు మోసపోతున్నారు. ఏ విధంగా చూసినా ఆ బేరం మంచిది కాదు.

చైనాలో సుమారు 5000 సంవత్సరాల నాటి రైతు పల్లెల్లో దొరికిన పిల్లి ఎముకలు చిరుతపిల్లివేనని పరిశోధకులు తేల్చారు. అంత కాలం కిందట మనుషుల పక్కన ఎలుకలు పట్టినా, నేటి ఇంటి పిల్లి మాత్రం దాని సంతతి కాదు, ఆఫ్రికా అడవి పిల్లి సంతతి. ఆ చిరుతపిల్లి స్వభావాన్ని ఒకటి రెండు తరాల్లో సోఫా మీదికి తేగలమనుకోవడం నాకు న్యాయంగా తోచదు. సెర్వల్ అనే ఆఫ్రికా అడవి పిల్లికి, ఇంటి పిల్లికి పుట్టిన సంకరమైన సవానా పిల్లి తమ చిన్న జంతువులను వేటాడుతుందన్న భయంతో ఆస్ట్రేలియా 2008లోనే దాని దిగుమతిని నిషేధించింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఎఫ్2 ఆలోచన మానుకున్నాము. తరువాతి తరాల కూనను తీసుకుంటే, అది నిజంగా తరువాతి తరమేనని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం (డాలస్ తెలుగు):

అంతర్జాతీయ పిల్లుల సంఘం టికా ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రంలో 'ఎస్‌బీటీ' అని ఉన్నదేమో చూడండి. కనీసం మూడు తరాలుగా బెంగాల్ పిల్లుల మధ్యనే జత కలిపారని దాని అర్థం. పత్రం ఫోటోతో సరిపెట్టుకోకుండా, కూన పుట్టిన ఇంటికి వెళ్ళి తల్లి పిల్లిని చూడండి. తల్లి మనుషుల మధ్యకు వచ్చి నిలబడుతున్నదా, కూనలు చేతికి అందుతున్నాయా గమనించండి. తల్లిని చూపించడానికి ఒప్పుకోని చోట అడ్వాన్సు ఇవ్వకండి. కూనను తెచ్చాక మీ నాటు పిల్లికి వెంటనే ఎదురుపెట్టకుండా, కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచి, ఒకదాని వాసన మరొకదానికి అలవాటయ్యాకనే తలుపు తెరవండి.