గెట్టు కొట్లాట కేసుల ‘ఆత్మరక్షణ’ అని ఎప్పుడు చెప్పాలె?

నల్లగొండ_జూనియర్: గెట్టు కాడ కొట్లాటయింది, అవతలాయన దవాఖానల చనిపోయిండు అనుకోండి. మన మనిషి మీద న్యాయ సంహిత 103 (హత్య సెక్షన్) పెట్టిండ్రు. ఆయన తలకూ మూడు కుట్లు పడ్డయి. ఆత్మరక్షణ అని మొదటి రోజే చెప్పాల్నా, విచారణ దాకా ఆగాల్నా?

దేవరకొండ_డిఫెన్స్: మొదటి రోజే. కాకపోతే ‘పట్టా మాది’ అని మొదలుపెట్టొద్దు. పొలంల జొరబడ్డోన్ని సెక్షన్ 42 కింద ఆపొచ్చు గానీ చంపే హక్కు రాదు. ప్రాణం పోతదనో, తీవ్ర గాయమైతదనో భయపడే పరిస్థితి ఉంటేనే, చంపేదాకా హక్కిచ్చే సెక్షన్ 38 వర్తిస్తది. పాసుబుక్కు ఎవరిదన్నది కాదు, గొడ్డలి ముందు ఎవరెత్తిండ్రన్నదే కేసు. అందుకే కౌంటర్ ఫిర్యాదు ఆ రాత్రే పడాలె.

పాలమూరు_బార్: మునిగేదే ఆ ఫిర్యాదుతోని. ‘కొట్టిన, ప్రాణం కాపాడుకోనీకి కొట్టిన’ అంటే అది నేరాంగీకారం కిందికి రాదని పాకాల నారాయణస్వామి కేసుల 1939లనే ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలం నాటి అన్నిటికన్న పై కోర్టు) తేల్చింది. నేరాంగీకారం కాదు గనుకనే పోలీసుల ముందటి నేరాంగీకారాన్ని కోర్టుల వాడనియ్యని సాక్ష్య అధినియం 23 దాన్ని ఆపది. అక్కడున్నడు, దెబ్బ కొట్టిండు, రెండూ మనమే రాసిచ్చినట్టయితది. వాదన ఎత్తకపోయినా సాక్ష్యంల కనబడితే కోర్టు చూడొచ్చని మున్షీరాం కేసు (1968) ఉండనే ఉన్నది.

దేవరకొండ_డిఫెన్స్: ఎవరి సాక్ష్యంల కనబడ్తది? సాక్షులంత చనిపోయినాయన చుట్టాలే. సాక్ష్య అధినియం 108 కింద ఆత్మరక్షణ అని చూపే భారం మనదే. పూర్తి రుజువు అక్కరలేదు, అట్ల జరిగి ఉండొచ్చన్నంత చాలు. ఆ అంతయినా ఫైల్ల ఉండాలె కద.

వేములపల్లి_రైతు: ఆ పొద్దు ఊర్లనే లేడని కూడా చెప్తే?

పాలమూరు_బార్: రెండిట్ల ఒక్కటే. రెండూ పట్టుకుంటే జడ్జి రెండూ నమ్మడు.

దేవరకొండ_డిఫెన్స్: మీరు విచారణ మొదలైనంక వకాలత్ వేసేటోళ్లు. మీ చేతికి ఫైల్ వచ్చేసరికి కుట్లు మాని ఏడాదయితది. రిమాండ్ నాడు మెజిస్ట్రేట్ ‘గాయాలున్నయా’ అనడిగితే, పక్కన వకీలు లేక, వెనక పోలీసాయన నిలబడి, మనిషి అడ్డంగ తల ఊపుతడు. ఇగ లక్ష్మీసింగ్ కేసు (1976) ఎట్ల చదువుతరు? నిందితుని గాయాలకు ప్రాసిక్యూషన్ జవాబు చెప్పలేదనాలంటే ఆ గాయాలు కాయితం మీద ఉండాలె!

పాలమూరు_బార్: గాయం రాయించొద్దని నేనెక్కడన్న? నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చట్టం) 53 కింద అరెస్టయిన మనిషికి వైద్యపరీక్ష చెయ్యాలె, నకలు ఆయనకియ్యాలె. దానికి పట్టుబట్టుండ్రి. గాయం రాయించుడు వేరు, వాదన ఎత్తుడు వేరు.

దేవరకొండ_డిఫెన్స్: వేరెట్లయితది? డాక్టర్ మొదలడిగేదే ‘ఎట్ల తగిలింది’ అని. ఈయన నోరు మెదపకుంటే ‘ఉరుకంగ పడ్డడు’ అని పోలీసాయన అంటడు, అదే ఎక్కుతది.

పాలమూరు_బార్: ‘కట్టెతోని కొట్టిండ్రు’ అని చెప్పాలె. తనేం చేసిండో చెప్పొద్దు. నా పట్టుదల అంత వరకే.

దేవరకొండ_డిఫెన్స్: కొట్టినోని పేరు కూడా చెప్పాలె. లేకుంటే రేపు క్రాస్‌ల ‘అప్పుడెందుకు చెప్పలే’ అంటరు.

పాలమూరు_బార్: పేరు వరకు సరే. ఫిర్యాదు మాత్రం వకీలు చదవకుండ ఇయ్యొద్దు.

నల్లగొండ_జూనియర్: డాక్టర్ ‘చిన్న గాయం’ అని ఒక్క ముక్క రాసి పంపితే?

దేవరకొండ_డిఫెన్స్: రిమాండ్ నాడే మెజిస్ట్రేట్ ముందు మెమో వేసి మళ్లొకసారి పరీక్ష అడుగు. గాయం ఎక్కడ, పొడుగెంత, లోతెంత, పదునైన దాంతోనా మొద్దు దాంతోనా, ఎన్ని గంటల కిందటిది, అన్నీ రాయించు.