పాలెస్త్రీనా మోతెత్: శ్రుతి దిగిపోతోంది, కీబోర్డు వేస్తే గరగర

ఇజీనగరం ఆల్టో:
అందరికీ వందనాలు. ఈస్టర్ జాగరణకి మా క్వయర్ 16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా లాటిన్ మోతెత్ (పలు గొంతులతో పాడే భక్తిగీతం) 'సికుత్ చెర్వుస్' నేర్చుకుంటోంది. అదే, 42వ కీర్తనలో నీటివాగుల కోసం ఆశపడే దుప్పి మాట. సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు) 6, ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) 4, బేస్ (మగవాళ్ల కింది గొంతు) 3, టెనార్ (మగవాళ్ల పై గొంతు) ఒక్కరే. పైప్ ఆర్గాన్ లేదు, 61 కీల కీబోర్డు ఉంది. వట్టి గొంతులతో పాడితే చివరికి అర స్వరం దిగిపోతున్నాం. కీబోర్డు వేస్తే శ్రుతి నిలుస్తోంది గానీ ఆఖరి కార్డు (ఒకేసారి కలిసి పలికే స్వరాలు) గరగరమంటోంది. ఏటి చెయ్యాలి? అసలు దీనికి ఆర్గాన్ వెయ్యొచ్చా?

బొబ్బిలి కీబోర్డు:
వెయ్యొచ్చండి. సిస్టీన్ చాపెల్లో ఆర్గాన్ లేకుండా పాడేవారు నిజమే. అన్నిచోట్లా అలా కాదు. అదే కాలపు స్పెయిన్ స్వరకర్త విక్టోరియా 1600లో మాద్రిద్‌లో వేయించిన సంపుటికి ఆర్గాన్ పుస్తకం విడిగా ఉంది.

గరగర మీ తప్పు కాదు. కీబోర్డులో అంతర గాంధారం 400 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు), చెవికి నచ్చే శుద్ధ గాంధారం 386. గొంతులు శుద్ధంగా పాడితే ఆ 14 సెంట్లే కొట్టుకుంటాయి. ఆఖరి కార్డులో షడ్జమం, పంచమం మాత్రం నొక్కి గాంధారం గొంతులకి వదిలెయ్యండి.

'చర్చ్ ఆర్గాన్' సౌండ్ వద్దు, పై స్థాయి స్వరాలు కూడా కలిపి గొంతుల్ని మింగేస్తుంది. ఫ్లూట్ లాంటి మెత్తటి ఆర్గాన్ సౌండ్ పెట్టి కోరస్, రివర్బ్ (ప్రతిధ్వని) ఎఫెక్టులు ఆపెయ్యండి. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఆ క్షణాన పలుకుతున్న అట్టడుగు గొంతుతో నడవాలి. మొదట టెనార్ ఒక్కడే వస్తాడు, తర్వాత ఆల్టో, సొప్రానో, ఆఖర్న బేస్. బేస్ రాకముందే కింద కార్డు పట్టేస్తే ఒక్కో గొంతూ అందుకునే అందం పోతుంది.

సిక్కోలు బేస్:
ఒక్క టెనార్‌తో మొదలెట్టడం కష్టం. ఆల్టోల్లో కింది స్వరాలు గట్టిగా పలికే ఇద్దర్ని ఆ లైన్‌కి పంపండి. మరీ కిందకి పోయే చోట వాళ్లు ఊరుకున్నా ఫర్వాలేదు.

శ్రుతి దిగడానికి కారణం ఎక్కువగా ఆరోహణే. ఎక్కే మెట్టు చిన్నదిగా, దిగే మెట్టు పెద్దదిగా పాడేస్తాం. పైగా అందరూ ఒకేచోట ఊపిరి తీస్తే వాక్యం కూలబడుతుంది. పక్కవాళ్లు పట్టి ఉన్నప్పుడే మీరు తీసుకోండి. సీలింగ్ ఫ్యాన్లు ఆపి, దగ్గరగా అర్ధచంద్రంలో నిలబడి సాధన చెయ్యండి. ఆ హోరులో పక్క గొంతు వినబడదు.

ఉచ్చారణలో మనకో లాభం ఉంది: లాటిన్ త, ద మన త, ద లే. 'ఫోంటెస్' కాదు, 'ఫోంతెస్'. నష్టం కూడా ఉందనుకోండి, చివర ఉకారం చేర్చేస్తాం. 'సికుతు చెర్వుసు' అంటే రెండు అక్షరాలు అదనం, గొంతులు అందుకునే చోట్లన్నీ చెదురుతాయి. గమకాలూ వద్దు.

ఇజీనగరం ఆల్టో:
థాంక్సండీ. కొన్ని నోట్ల పైన చిన్న షార్ప్‌లు (అర స్వరం పెంచే గుర్తులు) అచ్చయ్యాయి, అవి పాడాలా?

బొబ్బిలి కీబోర్డు:
అవి ఎడిటర్ సూచనలు. ఏవి పాడాలో ముందే తేల్చుకుని అందరి కాపీల్లోనూ, ముఖ్యంగా కీబోర్డు కాపీలో, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆల్టో షార్ప్ పాడుతుంటే వేలు మామూలు కీ మీద పడిందో, ఆ గరగర ముందు ఆఖరి కార్డు గరగర ఏపాటి!