నయాపూల్ నుంచి చౌమహల్లా దాకా: పాత ఫోటోలు పట్టుకుని మళ్లీ నడవాలంటే ఎలా?

పత్తర్‌గట్టి_పాదచారి అడిగింది:

నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చార్మినార్, లాడ్ బజార్, మహబూబ్ చౌక్, చౌమహల్లా ప్యాలెస్ ఉన్న ఖిల్వత్. హైదరాబాద్ పాతబస్తీలోని ఈ దారి పొడవునా 2004లో తీసిన ఒక ఫిలిం రోలు ప్రింట్లున్నాయి. కెమెరాకు ఉన్నది 50 ఎంఎం లెన్సు. అవే చోట్ల నిలబడి ఫోన్‌తో మళ్లీ తీసి, ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. సరిగ్గా అదే చోటు ఎలా దొరకబుచ్చుకోవాలి? ఏ పూట, ఏ వారం వెళ్తే మంచిది?

ఇంకో సందేహం. ఇదే దారివి తేదీ లేని నలుపు తెలుపు ఫోటోలు రెండున్నాయి. ఒకటి చార్మినార్, రెండోది వంతెన చివర ఒక పెద్ద దర్వాజా. ఇవి ఏ కాలానివో పోల్చుకునే మార్గం ఉందా?

కెమెరా_కోణం:

ముందు చోటు, తర్వాత జూమ్. ఈ వరుస తప్పితే ఎన్నిసార్లు తీసినా పొంతన కుదరదు. వస్తువులు ఒకదాని వెనక ఒకటి ఎలా కనిపిస్తాయన్నది మీరు నిలబడ్డ చోటును బట్టే ఉంటుంది. జూమ్ చేసేది ఫ్రేమును కత్తిరించడం వరకే.

పాత ప్రింటులో దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, కదలని గుర్తులు ఎంచుకోండి. ఉదాహరణకు గుల్జార్ హౌజ్ దగ్గరి చార్మినార్ కమాన్ (తోరణ ద్వారం) లోపలి అంచు, దాని వెనక కనిపించే మినార్. కమాన్ అంచు మినార్‌ను ఎక్కడ కోస్తోందో చూసి, ఇప్పుడూ అక్కడే కోసేదాకా కుడి ఎడమలకు జరగండి. ఆ తర్వాత కమాన్ వెడల్పులో చార్మినార్ ఎంత భాగం ఆక్రమించిందో చూస్తూ ముందుకో వెనక్కో అడుగు వేయండి. దగ్గరికి వెళ్లేకొద్దీ కమాన్ వేగంగా పెద్దదవుతుంది, చార్మినార్ అంత వేగంగా పెరగదు. రెండూ కుదిరిన చోటే పాత ఫోటో తీసిన చోటు. కరెంటు స్తంభం, బోర్డు, చెట్టు లాంటివి గుర్తులుగా పెట్టుకోవద్దు, ఇరవై ఏళ్లలో అవి ఎటైనా పోతాయి.

ఫోన్ మామూలు లెన్సు సాధారణంగా 24 నుంచి 26 ఎంఎంకు సమానం. మీది 50 ఎంఎం కాబట్టి 2ఎక్స్ పెడితే దాదాపు సరిపోతుంది, కానీ కాస్త వెడల్పుగా తీసి తర్వాత కత్తిరించడం మేలు. ఫిలిం ఫ్రేము 3:2, ఫోను ఎక్కువగా 4:3. స్టూడియో ప్రింట్లలో అంచులు కొంత పోతాయి, నెగటివ్ దొరికితే దాన్నే స్కాన్ చేయించండి.

ఫోనును పైకి ఎత్తకండి. ఎత్తితే మినార్లు లోపలికి వాలినట్టు పడతాయి, ఆ తర్వాత ఏ కొలతా నమ్మడానికి ఉండదు. నిటారుగా పట్టుకుని తీసి, కింద ఎక్కువైన నేలను కత్తిరించేయండి. ఇంటికొచ్చాక ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా పాతదాన్ని సగం పారదర్శకంగా చేసి కొత్తదాని మీద పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మూసీ_ఒడ్డు:

పూట సంగతి చెప్తాను. నయాపూల్ మీద నిలబడి పడమటికి చూస్తే ఎడమ ఒడ్డున హైకోర్టు, కుడి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. పొద్దున్నే ఎండ మీ వెనక నుంచి పడుతుంది కాబట్టి అక్కడితో మొదలుపెట్టండి. సాయంత్రం వెళ్తే రెండు గుమ్మటాలూ నల్లటి నీడలుగానే వస్తాయి.

గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్ వైపు తీసేవి కష్టం. అది ఉత్తరపు ముఖం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానే ఉంటాడు, ఆ ముఖానికి నేరుగా ఎండే తగలదు. హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరిగేది మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకానే. మీ 2004 ప్రింటులో ఆ ముఖం మీద ఎండ ఉంటే వేసవి పొద్దుటిపూటే వెళ్లాలి. నీడగా ఉంటే డిసెంబరు అయినా పర్వాలేదు.

శుక్రవారం వద్దు. చౌమహల్లాకు సెలవు, మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం నమాజు రద్దీ. లాడ్ బజార్ దుకాణాలు ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి ఏడు గంటలకల్లా గుల్జార్ హౌజ్ చేరితే దారంతా ఖాళీగా దొరుకుతుంది. చార్మినార్ లోపల ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి, దాన్ని ఇంట్లో వదిలేయడమే మంచిది. నడక మొత్తం రెండున్నర కిలోమీటర్లకు మించదు, సమయమంతా చోట్లు వెతకడానికే పోతుంది.

తేదీ లేని ఫోటోల సంగతి: చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. గడియారం లేకపోతే అంతకు ముందుది. లాడ్ బజార్ చివర మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892 నాటిది, అది కనిపిస్తే ఆ తర్వాతది. వంతెన చివరి దర్వాజా అఫ్జల్ దర్వాజా అయి ఉండాలి, 1954లో పడగొట్టారు. పక్కన హైకోర్టు కూడా కనిపిస్తోందా చూడండి. 1920లో తెరిచిన భవనమది. ఉంటే ఆ ఫోటో 1920కి అటూ ఇటూ మొదలై 1954 లోపు తీసిందన్నమాట. పాత నగరపు పదమూడు దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ మాత్రమే.

కమాన్_కింద:

పైన ఇద్దరూ చెప్పింది సరే. నాకు పట్టింపు ఉన్న విషయం ఒకటే: కట్టడాల మీదే చూపు పెట్టకండి. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది. మారింది దాని చుట్టూ ఉన్న నేల.

మీ ప్రింట్లలో చార్మినార్‌ను ఆనుకుని ఆటోలు, బస్సులు తిరుగుతుంటాయి. ఇప్పుడక్కడ వాహనాలు ఆపి గ్రానైట్ రాళ్లు పరిచారు. పాత తారు తీయకుండా మీద మీదే వేసుకుంటూ పోతే రోడ్డు పైకి లేస్తుంది, పక్కన కమాన్ పాదాలూ మెట్లూ నేలలో కూరుకుపోయినట్టు కనిపిస్తాయి. అందుకే ప్రతి పాత ఫోటోలో కనిపించే మెట్లు లెక్కపెట్టి, ఇప్పుడెన్ని మిగిలాయో రాసుకోండి. ఒక మెట్టు ఎత్తు టేపుతో కొలిస్తే నేల ఎంత లేచిందో అంచనాకు అందుతుంది. పెద్ద కొలత కావాలంటే చార్మినార్ ఒక్కో తోరణం వెడల్పు 11 మీటర్లు, ఫోటోలో దాన్నే స్కేలుగా వాడుకోవచ్చు.

పత్తర్‌గట్టిలో కళ్లు మొదటి అంతస్తు మీద ఉంచండి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన ఆరాయిష్-ఎ-బల్దా (నగరాభివృద్ధి బోర్డు) ఆధ్వర్యంలో కట్టిన రాతి వరుస అది. కింద షట్టర్లు, ఫ్లెక్సీలు ఏమున్నా, పైన తోరణాల వరుస చాలాచోట్ల పోల్చుకోవడానికి వీలుగానే ఉంది. ఒక్కో తోరణానికి అంకె వేసుకుంటూ పోయి, ఏది మూశారు, దేనికి అద్దాలు బిగించారు, దేని మీద ఏసీ డబ్బా కూర్చోబెట్టారు అని పట్టిక రాయండి. ఆ పట్టిక పది ఫోటోల పెట్టు.

చౌమహల్లాకు మీ దగ్గర లోపలి ఫోటోలు ఉండకపోవచ్చు, సందర్శకులకు తెరిచింది 2005లో. ప్రహరీ, ఖిల్వత్ వీధి మాత్రం పోల్చండి. ఉస్మానియా పాత భవనంలో 2020 జూలైలో వాన నీళ్లు చేరాక రోగులను తరలించారు. కాబట్టి ఆ ఫోటోలో గుమ్మటాలు అవే, కింద మనుషుల కదలిక వేరు. ఆవరణలో 1908 వరదలో జనాన్ని కాపాడిన చింతచెట్టు ఉంది, దాన్ని తప్పకుండా తీయండి.

పత్తర్‌గట్టి_పాదచారి:

మెట్ల లెక్క నాకు తట్టనే లేదు, ధన్యవాదాలండీ. దర్వాజా ఫోటోలో హైకోర్టు గుమ్మటం ఉంది. తీసినవాటి వివరాలు ఎలా భద్రపరచాలి?

కెమెరా_కోణం:

అయితే దాని కాలం తేలిపోయినట్టే. వివరాలకు ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలు పేరులో చోటు, దిక్కు, తేదీ, గంట రాయండి: గుల్జార్‌హౌజ్_దక్షిణం_తేదీ_గంట. కెమెరా ఎత్తు కూడా రాసి ఉంచండి, తర్వాత తీసేవాళ్లకు మొదట కావలసింది అదే.